కంపకు అటు మాస్టారు, ఇటు అమ్మ

కరక్కాయల కోన అని ఒక అడవి ఉండేది. పేరు వింటేనే నోరు వగరెక్కుతుంది గానీ, అక్కడి బతుకు మాత్రం తియ్యగానే ఉండేది. ఎలుగుబంట్లు, చుక్కల దుప్పులు, కుందేళ్ళు, ముళ్ళపందులు, పూరేడు పిట్టలు అన్నీ ఒకే వాగు నీళ్ళు తాగుతూ ఇరుగుపొరుగుగా ఉండేవి. పెద్దవాళ్ళు పొద్దున్నే మేతకు వెళ్ళిపోతే పిల్లల్ని ఎవరు చూస్తారు? అందుకని ఆ కోనలో ఒక పసిబడి ఉండేది.

ఆ బడికి మాస్టారు ఒక అడవి కోడిపుంజు. పేరు తురాయి మాస్టారు. నెత్తిన ఎర్రటి తురాయి, వెనక కొడవళ్ళలా వంగిన పొడుగాటి తోక. ఆ తోకంటే ఆయనకు ప్రాణం. పొద్దున లేవగానే ముందు తోక దువ్వుకుని, ఆ తర్వాతే సూర్యుణ్ణి నిద్ర లేపేవాడు. తాను కూయకపోతే తెల్లారదని ఆయన గట్టి నమ్మకం. అంతటి నమ్మకం ఉన్నవాడికి పిల్లలకు పాఠం చెప్పడం ఒక లెక్కా?

నిజం చెప్పుకోవాలంటే మాస్టారు మంచివాడే. ఏ ఆకు తినాలో, ఏ కాయ ముట్టకూడదో, వాగు దగ్గర ఒకరినొకరు తోసుకోకుండా నీళ్ళు ఎలా తాగాలో ఓపికగా నేర్పేవాడు. పిల్లలు ఒకే ప్రశ్న పదిసార్లు అడిగినా విసుక్కునేవాడు కాదు. ఆయన విసుగంతా పిల్లల అమ్మానాన్నల మీదే.

బడి ఉన్నది ఒక పెద్ద బండ ముందు. అక్కడ నేలంతా నున్నటి రాయి. గడ్డిపోచ కూడా మొలవదు. బండ కింద ఒక ఇరుకు గుహ ఉంది. అపాయం వస్తే మాస్టారు "కొక్కొక్కొక్కో!" అని అరిచేవాడు. వెంటనే పిల్లలందరూ గుహలోకి పరుగెత్తాలి. అందరికంటే చివర ముళ్ళపంది పిల్ల సూదిగాడు వెళ్ళి, వీపు బయటికి పెట్టి గుమ్మంలో కూర్చోవాలి. వాడే తలుపు. ఆ తలుపు తట్టే ధైర్యం కోనలో ఎవరికీ లేదు.

బడి చుట్టూ మాస్టారు రేగుముళ్ళ కంప వేయించాడు. అమ్మానాన్నలు ఆ కంప దగ్గరే పిల్లల్ని దించి వెళ్ళిపోవాలి.

"కంప దాటాక పిల్ల నాది," అనేవాడు మాస్టారు. "ఇంటి సంగతులు బడిలోకి తేవద్దు. మేత మేయడం మీ పని. పాఠం చెప్పడం నా పని."

ఈ కట్టుబాటును లెక్కచేయనిది ఒక్కతే. ఎలుగుబంటి గుబురమ్మ. ఆమె కొడుకు బొద్దును వీపు మీద ఎక్కించుకుని వచ్చేది. ఆమె బొచ్చుకు ముల్లు దిగదు కదా! కంపను తొక్కుకుంటూ నేరుగా లోపలికి వచ్చి, పిల్లల మధ్య చతికిలబడి, "కానివ్వండి మాస్టారూ, నేనూ వింటాను," అనేది. ఎలుగుబంటిని బయటికి పొమ్మనగల కోడి ఇంకా ఏ గుడ్డులోనూ పుట్టలేదు. మాస్టారు గొంతు సవరించుకుని పాఠం మొదలుపెట్టేవాడు.

ఒకరోజు గుబురమ్మ, "మావాణ్ణి ఆ చెట్టు వైపు కూర్చోబెట్టకండి. పైన తేనెపట్టు ఉంది. ఆ వాసన తగిలిందంటే వాడికి మీ మాట చెవికెక్కదు," అంది.

మాస్టారు భయపడి వాణ్ణి ఇవతలికి జరిపాడు. అంతవరకూ దిక్కులు చూస్తూ కూర్చున్న బొద్దు, కొన్నాళ్ళకే బడిలో అందరికంటే ముందున్నాడు. "చూశారా నా బోధన! ఎలుగుపిల్ల చేత కూడా పాఠం ఒప్పజెప్పించాను," అని మాస్టారు పూరేడు పిట్టల ముందు మెడ సాచి చెప్పుకున్నాడు. తేనెపట్టు మాట మాత్రం ఎత్తలేదు.

ఆ బడిలో చినుకు అనే దుప్పి పిల్ల ఉండేది. ఒంటినిండా తెల్లటి చుక్కలు, పెద్ద పెద్ద చెవులు. దాని తల్లి చుక్కమ్మ. కోనలో అందరూ చుక్కమ్మను నోట్లో నాలుక లేనిది అనుకునేవారు. నాలుక ఉంది. ఇంటికి వెళ్ళాక బాగా ఆడేది.

ఒకరోజు మాస్టారు పిల్లల చేత అపాయం పాఠం సాధన చేయించాడు. "కొక్కొక్కొక్కో!" అని అరవగానే పిల్లలందరూ గుహలోకి దూరారు. చినుకు మాత్రం ఉన్నచోటే కాళ్ళు ముడుచుకుని, మెడ నేలకు ఆనించి పడుకుంది.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు మాస్టారు.

"దాక్కున్నానండీ."

"బోడి బండ మీద పడుకుని దాక్కోవడమేమిటి? ఆకాశంలో కాకికి కూడా కనిపిస్తున్నావు!"

పిల్లలందరూ గొల్లున నవ్వారు. చినుకు చెవులు వాలిపోయాయి. మాస్టారు దాన్ని ఒంటికాలి మీద నిలబడమన్నాడు. అది పెద్ద శిక్ష అని ఆయన అనుకోలేదు. తాను రోజూ అలాగే నిద్రపోతాడు మరి! పాపం చినుకు మూడుసార్లు బొక్కబోర్లా పడింది.

మరుసటి పొద్దున చుక్కమ్మ కంప దగ్గర కాస్త ఆగింది. "మాస్టారూ, ఒక్క మాట. మా చినుకు చప్పుడు వింటే గడ్డిలో..."

"చూడమ్మా, ఒక్క మాట అన్నవాళ్ళెవరూ ఒక్క మాటతో ఆపరు," అన్నాడు మాస్టారు. "వెనక వాళ్ళు నిలబడి ఉన్నారు. పిల్లను వదిలేసి వెళ్ళు."

చుక్కమ్మ తల వంచుకుని వెళ్ళిపోయింది. కానీ ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. ఆ సాయంత్రం చినుకు ఎండుటాకు చప్పుడు విని ఒక్క ఉదుటున పరుగెత్తబోతే, తల్లి గద్దించింది.

"పరుగెత్తమని ఎవరు చెప్పారు? కడుపు నేలకు ఆనించు! ఊపిరి కూడా వినబడకూడదు!"

"మాస్టారు పరుగెత్తమన్నారమ్మా."

"కంప దాటాక నువ్వు ఆయన పిల్లవు. కంప ఇవతల నా పిల్లవు. అక్కడిది అక్కడే దులుపుకుని రా."

పెద్దవాళ్ళు ఇలాంటి మాటలు ఎంత తేలిగ్గా అంటారో చూడండి. దులుపుకోవడానికి పాఠం దుమ్మా? చినుకు కాళ్ళు ఒకటే జత. బడికి ఒక జత, ఇంటికి ఒక జత లేవు కదా.

ఆ రోజు నుంచి చినుకు బడిలో నోరు విప్పడం మానేసింది. కంప దగ్గరికి వచ్చేసరికి కడుపునొప్పి అనేది. మేత సగంలో వదిలేసేది. "ఇంట్లో గారాబం ఎక్కువైంది," అని మాస్టారు పెదవి విరిచాడు. "బడిలో బెదిరింపులు ఎక్కువయ్యాయి," అని చుక్కమ్మ ఇరుగుపొరుగుతో అంది. ఒకరి మాట ఒకరి చెవిన పడింది. ఇద్దరూ మరింత బిగుసుకున్నారు. పొద్దున కంప దగ్గర ఎదురుపడినా, ఈయన ఆకాశం చూసేవాడు, ఆమె నేల చూసేది.

చినుకు సంగతి ఆ కోనలో సరిగ్గా అర్థమైంది ఒక్కడికే. వాడు గుంటనక్క. రోజూ పొద చాటు నుంచి బడిని చూస్తూ, మూతి నాక్కుంటూ, "ఇంట్లో ఒక మాట, బడిలో ఇంకో మాట. మధ్యలో నా భోజనం," అనుకునేవాడు.

ఇప్పపూలు రాలే రోజులు వచ్చాయి. గుబురమ్మ తెల్లవారకముందే ఇప్పచెట్ల కిందికి వెళ్ళిపోయేది. ఇప్పపూల ముందు ఎలుగుబంటికి పాఠాలు ఏం గుర్తుంటాయి? అదే అదనుగా గుంటనక్క ఒక ఉదయం కంప సందులోంచి లోపలికి దూరాడు.

"కొక్కొక్కొక్కో!" అని అరిచాడు మాస్టారు.

పిల్లలు గుహ వైపు పరుగు తీశారు. చినుకు కూడా పరుగెత్తింది. అంతలో అమ్మ మాట గుర్తొచ్చి దబ్బున పడుకుంది. మాస్టారి మాట గుర్తొచ్చి మళ్ళీ లేచింది. లేచి, ఎటూ కదలక, నడిమధ్యలో నాలుగు కాళ్ళూ వణుకుతూ నిలబడిపోయింది. గుహ గుమ్మంలో సూదిగాడు కూర్చున్నాడు. తలుపు మూసుకుపోయింది.

గుంటనక్క తొందరపడలేదు. తీరిగ్గా నడుచుకుంటూ వచ్చి చినుకు చెవి పట్టుకున్నాడు.

మాస్టారు అది చూశాడు. తాను గుప్పెడంత పిట్ట. అవతల నక్క. అయినా ఆయన ఆలోచించలేదు. రెక్కలు విప్పి, గోళ్ళు చాచి, నేరుగా నక్క మొహం మీదికి దూకాడు. కళ్ళలో పొడిచాడు, ముక్కు మీద రక్కాడు. గుంటనక్క చినుకును వదిలేసి మాస్టారి తోక పట్టుకున్నాడు. మాస్టారు శక్తంతా కూడదీసుకుని పైకి ఎగిరాడు. ప్రాణం పైకి వచ్చింది, తోక నక్క నోట్లో ఉండిపోయింది. ఆ గోలకు కుందేళ్ళూ దుప్పులూ పరుగెత్తుకొచ్చేసరికి గుంటనక్క ఈకలు ఉమ్ముకుంటూ పారిపోయాడు.

చినుకు బతికింది. చెవి మాత్రం చినిగింది.

చుక్కమ్మ వచ్చి పిల్లను నాకుతూ వలవలా ఏడ్చింది. ఏడుపు ఆగగానే నాలుక మొదలైంది. ఆ రోజు ఆమె ఇల్లు చేరేదాకా ఆగలేదు.

"పరుగెత్తమని నేర్పి నా పిల్లను చంపేసేవారు! పడుకుని ఉంటే వాడికి కనబడేదే కాదు. ఇక ఈ బడి వద్దు, ఈ కోనా వద్దు. వాగు దాటి వెళ్ళిపోతాను."

మాస్టారికి వెనక భగభగ మండుతోంది. ఆ మంటంతా మాటల్లోకి వచ్చింది. "పడుకోమని నేర్పింది నువ్వు! నేరుగా గుహలోకి వచ్చి ఉంటే గీత కూడా పడేది కాదు. నా తోక చూడు!"

"మీకు తోక పోయింది. నాకు పిల్ల పోయేది!"

అంతవరకూ మాట్లాడని చినుకు ఇద్దరి మధ్యకూ వచ్చింది.

"పరుగెత్తాలా? పడుకోవాలా?" అని అడిగింది. "మీ ఇద్దరిలో ఎవరి మాట తప్పో చెప్పండి. ఆ మాట మరిచిపోతాను."

"ఆయనదే!" అంది చుక్కమ్మ.

"ఆమెదే!" అన్నాడు మాస్టారు.

రెండు మాటలూ ఒకేసారి వచ్చాయి. చినుకు అమ్మ వైపు చూసింది, మాస్టారి వైపు చూసింది. తర్వాత తన కాళ్ళ వైపు చూసుకుంది. ఆ చూపు మాస్టారు చూడలేకపోయాడు. నక్క నోట్లోంచి పిల్లను లాగాను గానీ, నక్కకు దాన్ని అప్పజెప్పింది కూడా నేనే కదా అనిపించింది. ఆయన కాలితో నేల గోకుతూ నిలబడ్డాడు.

అప్పుడు వచ్చింది గుబురమ్మ, మూతికి ఇప్పపూల జిగురుతో. సంగతంతా విని, బండకు ఆనుకుని కూర్చుంది.

"మాస్టారూ, చుక్కమ్మ పిల్లను ఎందుకు పడుకోమంటుందో ఎప్పుడైనా అడిగారా?"

"లేదు," అన్నాడు మాస్టారు.

"చుక్కమ్మా, మాస్టారు ఎందుకు పరుగెత్తమంటారో నువ్వు అడిగావా?"

"అడగబోతే వెళ్ళమన్నారు కదా వదినా!" అంది చుక్కమ్మ. తల వంచుకుని, "ఆ తర్వాత నేనూ పంతం పట్టాను," అంది.

"మావాడు ముందున్నాడని మీరంతా అంటుంటారు. వాడేమీ తెలివితో పుట్టలేదు. పొద్దంతా నిద్రపోయే రకం. ఇక్కడ ఏం చెబుతున్నారో నేను చూస్తాను. ఇంట్లో వాడేం చేస్తాడో మాస్టారికి చెబుతాను. అంతే. నాకు బొచ్చు ఉంది కాబట్టి లోపలికి రాగలిగాను. అందరికీ బొచ్చు ఉంటుందా మాస్టారూ?"

మాస్టారు కంప వైపు చూశాడు. దాన్ని వేయించిన రోజు తాను ఎంత మురిసిపోయాడో తలుచుకుని సిగ్గుపడ్డాడు.

"చుక్కమ్మ గారూ," అన్నాడు చిన్న గొంతుతో, "రేపు మీ ఇంటికి రావచ్చా?"

చుక్కమ్మ వాగు వైపు ఒకసారి చూసింది. తర్వాత, "రండి. కానీ మీ వంతు అయ్యాక నా వంతు. నేనూ మీ బడికి వస్తాను," అంది.

మరుసటి రోజు మాస్టారు బోదగడ్డి మైదానానికి వెళ్ళాడు. గడ్డి ఆయన తల కంటే ఎత్తుగా ఉంది. చుక్కమ్మ ఎదురొచ్చి, "చినుకు ఇక్కడే ఉంది, వెతకండి," అంది.

"ఇదెంత పని!" అని మాస్టారు బయలుదేరాడు. తోక పోయినా ఆ మాట పోలేదు చూడండి. గడ్డిని ఇటు తోశాడు, అటు తోశాడు. పొదల చుట్టూ తిరిగాడు. కాళ్ళు పీకాయి గానీ పిల్ల కనబడలేదు. చివరికి పైనుంచి చూద్దామని ఒక మట్టిదిబ్బ ఎక్కాడు.

దిబ్బ కిసుక్కున నవ్వింది.

మాస్టారు కెవ్వుమని గాల్లోకి ఎగిరాడు. దిబ్బకు చెవులు వచ్చాయి. చినుకు లేచి నిలబడి, "మాస్టారూ, నా మీదే నిలబడ్డారు!" అంటూ పడీ పడీ నవ్వింది. చాలా రోజులుగా దాని నవ్వు వినలేదని మాస్టారికి అప్పుడు తెలిసింది. ఆయనకూ నవ్వొచ్చింది. ఆ వెంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఈ గడ్డిలో ఎండా నీడా చుక్కలు చుక్కలుగా పడతాయి," అని చుక్కమ్మ చెప్పింది. "మా పిల్లల ఒంటి చుక్కలు అందులో కలిసిపోతాయి. పసిపిల్లకు ఒంటి వాసన కూడా తక్కువే. కదలకపోతే నక్క పక్కనుంచి పోయినా పట్టుకోలేడు. పరుగెత్తితే మాత్రం గడ్డి ఊగి చాడీ చెబుతుంది."

"నాకు ఇది తెలియదు," అన్నాడు మాస్టారు. ఆ మూడు మాటలూ ఆయన నోట రావడం కోనలో ఎవరూ అంతకుముందు వినలేదు.

ఆ మధ్యాహ్నం చుక్కమ్మ బడికి వచ్చింది. మాస్టారు ఆమెను రాతి నేల మీద పడుకోమన్నాడు. ఆమె కాళ్ళు ముడుచుకుని పడుకుంది. వాగు అవతలి ఒడ్డు నుంచి గుబురమ్మ కేకేసింది. "చుక్కమ్మా, అక్కడెందుకు పడుకున్నావు? వడ్డించిన విస్తరిలా ఇక్కడికి కనబడుతున్నావు!"

చుక్కమ్మ గబుక్కున లేచి కూర్చుంది. గుహ వైపు చూసింది, చుట్టూ చూసింది. "నిజమే మాస్టారూ. ఇక్కడ పరుగే మేలు. నేను గడ్డిని మాత్రమే చూశాను, ఈ బండను చూడలేదు."

"నేను బండను మాత్రమే చూశాను," అన్నాడు మాస్టారు.

ఇద్దరూ కూర్చుని ఒక చిన్న పాట కట్టారు. గడ్డి మాట చుక్కమ్మ చెప్పింది. రాయి మాట మాస్టారు చెప్పాడు. బాణీ మాత్రం తనదేనని మాస్టారు పట్టుబట్టాడు. పోనీలే అని చుక్కమ్మ ఒప్పుకుంది.

"కాలి కింద గడ్డి ఉంటే కదలక పడుకో,
కాలి కింద రాయి ఉంటే గుహకు దారి పట్టుకో!"

ఈ పాటనే చినుకు బడిలో పాడింది, ఇంట్లోనూ పాడింది. మాస్టారు అరిచినా, అమ్మ పిలిచినా అది ముందు తన కాళ్ళ కిందికి చూసేది. కొన్ని రోజులకే కడుపునొప్పి మాయమైంది. మేత మిగలడం మానేసింది. వాగు దాటి వెళ్ళే మాట చుక్కమ్మ మళ్ళీ ఎత్తలేదు.

రేగుకంపను మాస్టారే ముక్కుతో లాగి గుమ్మం తెరిచాడు. రోజూ పొద్దున అమ్మానాన్నలు కాసేపు లోపల కూర్చోవడం మొదలైంది. పూరేడు తల్లి బెరుగ్గా, "మాస్టారూ, మీ గొంతు చాలా గొప్పది. కానీ మా పిల్లలు దానికి జడిసి ఇంటికొచ్చి కలవరిస్తున్నారు," అంది. మాస్టారు ఒక్క క్షణం ముఖం ముడుచుకుని, తర్వాత పాఠం మెల్లగా చెప్పడం నేర్చుకున్నాడు. అది ఆయనకు అన్నిటికంటే కష్టమైన పాఠం.

వానలు పడ్డాయి. బడి రాతి నేలకు ఒకవైపు గడ్డి ఏపుగా పెరిగింది. ఒక సాయంత్రం పిల్లలు ఇళ్ళకు వెళ్ళే వేళ, గుబురమ్మ కొందరిని వాగు వైపు నడిపిస్తోంది. చుక్కమ్మ దూరంగా గడ్డి అవతలి నుంచి వస్తోంది. మాస్టారు బండ మీద ఉన్నాడు. చినుకు ఒక్కతే ఒక సీతాకోకచిలుక వెంట గంతులేస్తూ గడ్డి అంచుకు చేరింది.

సరిగ్గా అప్పుడు అవతలి పొద కదిలింది. గుంటనక్క.

మాస్టారి గొంతులోకి కూత ఉరికి వచ్చింది. నోరు తెరిచాడు. కానీ ఏమని అరవాలి? పరుగెత్తమని అరిస్తే? పిల్ల గడ్డిలో ఉందా, రాతి మీద ఉందా, ఇక్కడి నుంచి సరిగ్గా కనబడటం లేదు. అవతల చూస్తే చుక్కమ్మ కూడా నోరు తెరిచి ఉంది. ఇద్దరూ రెండు వైపుల నుంచి అరిస్తే పిల్ల మళ్ళీ మధ్యలో నిలబడిపోతుంది. అది కాళ్ళ కిందికి చూడటం మాని, తమ ముఖాలు చూస్తుంది.

మాస్టారు చుక్కమ్మ వైపు చూశాడు. చుక్కమ్మ మాస్టారి వైపు చూసింది. ఆమె మెల్లగా నోరు మూసుకుంది. మాస్టారు కూడా ముక్కు బిగించాడు. కోడిపుంజుకు కూత ఆపుకోవడం ఎంత కష్టమో మీకు తెలియదు. ఒళ్ళంతా ఉబ్బిపోయింది. కళ్ళు గిర్రున తిరిగాయి. అయినా ఆపుకున్నాడు.

చినుకు తల ఎత్తి ఇద్దరినీ చూసింది. తర్వాత కాళ్ళ కిందికి చూసుకుంది. ఒక్క అడుగు వెనక్కి వేసింది. మరుక్షణం అక్కడ చినుకు లేదు. గడ్డి ఉంది, గడ్డిలో ఎండ చుక్కలు ఉన్నాయి.

గుంటనక్క ఎప్పటిలాగే తీరిగ్గా నడిచి వచ్చాడు. పిల్ల నడిమధ్యలో వణుకుతూ నిలబడి ఉంటుందని వాడి ధీమా. తీరా చూస్తే ఎవరూ లేరు. ఇటు వెతికాడు, అటు మూతి పెట్టి వాసన చూశాడు. చినుకు పక్కనుంచే దాటిపోయాడు. ఇదేమి మాయ అని తల గోక్కునేలోపు వాడి వెనక నేల అదిరింది. తిరిగి చూస్తే గుబురమ్మ!

గుంటనక్క కరక్కాయల కోనలో కనబడటం అదే ఆఖరు. గుబురమ్మ వాణ్ణి ఎంత దూరం తరిమిందో ఆమె ఎప్పుడూ చెప్పలేదు. తిరిగి వచ్చేసరికి మాత్రం బాగా ఆకలి మీద ఉంది.

చుక్కమ్మ, మాస్టారు గడ్డి అంచుకు పరుగెత్తుకొచ్చారు. ఎంత వెతికినా పిల్ల కనబడలేదు.

"మీరు పిలవండి," అన్నాడు మాస్టారు.

"ఇద్దరం పిలుద్దాం," అంది చుక్కమ్మ.

"చినుకూ!" అని ఇద్దరూ ఒక్కసారే పిలిచారు. ఇద్దరి మధ్యలోంచే చినుకు లేచింది. తల్లి దాన్ని ఒళ్ళంతా నాకింది.

"భయం వేయలేదా?" అని అడిగాడు మాస్టారు.

"వేసింది," అంది చినుకు. "నా ముందు కాళ్ళు రాతి మీద ఉన్నాయి. వెనక కాళ్ళు గడ్డిలో ఉన్నాయి. మన పాటలో అది లేదు కదా! ఏం చేయాలో తోచలేదు. మిమ్మల్ని చూశాను. అమ్మ నోరు తెరిచి మూసేసింది. మీరూ తెరిచి మూసేశారు. అంటే నాకు చేతనవుతుందని మీ ఇద్దరికీ తెలుసన్నమాట అనుకున్నాను. అందుకే గుహ ఎంత దూరమో చూసి, ఒక అడుగు వెనక్కి వేశాను."

చుక్కమ్మ, మాస్టారు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తాము నేర్పనిది కూడా పిల్ల నేర్చుకుంది. అది అమ్మ పాఠమో మాస్టారి పాఠమో తేల్చడానికి ఇద్దరిలో ఎవరూ నోరు తెరవలేదు.

కానీ అంతసేపు ఆపుకున్న కూత ఎక్కడికి పోతుంది? మాస్టారు మెడ సాచి, కళ్ళు మూసుకుని, "కొక్కొరోకో!" అని కూశాడు. కోన అంతా మారుమోగింది. పొద్దు గూకే వేళ కోడి కూసిందేమిటని అమాయకపు కుందేళ్ళు కొన్ని నిద్ర లేచి, తెల్లారిందనుకుని పిల్లల్ని బడికి తీసుకొచ్చేశాయి.

నీతి: ఇల్లూ బడీ ఒకరినొకరు అడిగి తెలుసుకుంటే పిల్ల తన కాళ్ళ మీద తాను నిలబడుతుంది, నా మాటే గొప్పని ఎవరికి వారు పంతం పడితే పిల్ల నడిమధ్యలో నిలబడిపోతుంది.